మరకలో మనసు కనిపిస్తుందా?

పిల్లలూ! "పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుంది" అనే సామెత వినే ఉంటారు. మన లోపల ఉన్నదాన్నే మనం బయట చూస్తామని దాని భావం. ఈ ఆలోచన మీదే మనస్తత్వ శాస్త్రంలో కొన్ని పరీక్షలు పుట్టాయి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో వీటిని 'ప్రక్షేపక పరీక్షలు' అంటారు. ప్రక్షేపించడం అంటే లోపలిదాన్ని బయటికి విసరడం. మన ఊళ్ళలో టీచర్ ట్రైనింగ్ చేసేవారు ఈ పాఠం చదువుతారు.

సిరా మరకలు: స్విట్జర్లాండ్ వైద్యుడు హెర్మన్ రోషాక్ 1921లో పది మరకల కార్డులు ప్రచురించారు. అయిదింటిలో నలుపు, బూడిద రంగులే ఉంటాయి. రెండింటిలో ఎరుపు కూడా కలుస్తుంది. మిగతా మూడూ రంగురంగులవి. కార్డు చూపించి "ఇది ఏమై ఉండవచ్చు?" అని అడుగుతారు. గబ్బిలం అన్నారా, సీతాకోకచిలుక అన్నారా అన్నది ఒక్కటే చూడరు. మరక మొత్తం చూసి చెప్పారా, ఒక మూల చూసి చెప్పారా, ఆకారాన్ని బట్టా, రంగును బట్టా అన్నది కూడా రాసుకుంటారు. రోషాక్ 1922లో, 37 ఏళ్ళకే కన్నుమూశారు.

బొమ్మకు కథ: అమెరికాలోని హార్వర్డ్‌లో హెన్రీ ముర్రే, క్రిస్టియానా మోర్గన్ 1930లలో మరో పరీక్ష తయారుచేశారు. బొమ్మ చూసి, అంతకుముందు ఏం జరిగింది, ఇప్పుడేం జరుగుతోంది, చివరికి ఏమవుతుంది అని కథ చెప్పాలి. ఇందులో ఒక కార్డు పూర్తిగా ఖాళీ! పిల్లల కోసం జంతువుల బొమ్మలతో 1949లో ఇంకొకటి వచ్చింది. మన దేశంలో సైనికాధికారుల ఎంపికలో కూడా బొమ్మ చూపించి కథ రాయిస్తారు.

తల్లిదండ్రులకు ఒక మాట: ఈ పరీక్షలు జ్వరం కొలిచే థర్మామీటరు వంటివి కావు. ఒకే జవాబుకు ఇద్దరు నిపుణులు రెండు అర్థాలు చెప్పవచ్చు. అందుకే వీటిపై శాస్త్రవేత్తల్లో చాలాకాలంగా వాదన ఉంది. శిక్షణ పొందినవారు కూడా ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పకూడదు.

మన పిల్లల విషయంలో ఇంకో సంగతి ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో అరబ్బీ వినే రిగ్గై పిల్లవాడు బొమ్మ చూసి రెండే ముక్కలు చెప్పాడనుకోండి. అది బిడియమా, దిగులా, లేక ఆ భాషలో మాట దొరకకపోవడమా? ఎప్పుడైనా కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళవలసి వస్తే, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ముందే చెప్పండి. "మా వాడు తెలుగులో చెప్పవచ్చా?" అని అడగండి. ఇంటర్నెట్‌లో కనిపించే బొమ్మల పరీక్షలు చూసి మాత్రం బిడ్డకు పేరు పెట్టకండి.

అభ్యాసం: కాగితం మీద రెండు చుక్కల సిరా వేసి, మడిచి, విప్పండి. ఇంట్లో అందరినీ ఏం కనిపించిందో తెలుగులో చెప్పమనండి. ఇది ఆట, పరీక్ష కాదు. ఇందులో తప్పు జవాబు లేదు. అమ్మకు కనిపించింది మీకెందుకు కనిపించలేదో అడిగి, నాలుగు వాక్యాలు రాయండి.