ఏడు వారాల ఇంటి బడి

మార్చి నెల సగమయ్యేసరికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు పొద్దున్నే పోతారు. మధ్యాహ్నం బడిలోనే అన్నం తిని ఇంటికి వస్తారు. ఏప్రిల్‌లో పరీక్షలు. పరీక్షలు అయ్యాక మార్కుల కార్డు చేతికిస్తారు. ఆ రోజుతో బడికి తాళం పడుతుంది.

2025లో ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు వేసవి సెలవులు ఇచ్చారు. అవి ఎన్ని రోజులు? లెక్క వేద్దాం.

ఏప్రిల్‌లో 7 రోజులు.
మే నెలలో 31 రోజులు.
జూన్‌లో 11 రోజులు.
మొత్తం 49 రోజులు. అంటే 7 వారాలు.

ఏడు వారాలు తక్కువ కాలం కాదు. వరి నారు పోసిన నాటి నుంచి ఏడు వారాలు లెక్కపెట్టండి. ఈ లోపల నాట్లు పడతాయి. పైరు పిలకలు కూడా వేస్తుంది. మొలకెత్తడానికి అంత కాలం చాలినప్పుడు, మరిచిపోవడానికి చాలదా?

రెండో తరగతి పిల్లవాడు ఒత్తులు ఇప్పుడిప్పుడే నేర్చుకున్నాడు. 'అమ్మ', 'అక్క' అని రాస్తాడు. 'చెట్టు' దగ్గర కాస్త ఆగుతాడు. ఏడు వారాలు పలక ముట్టకపోతే జూన్‌లో 'చెటు' అని రాస్తాడు. టీచరు మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

ఈ సంగతి మీకు ఒకరు చెప్పాలా? కోతల రోజుల్లో మీరు రాత్రి బడికి పోలేదు. నెల తర్వాత వచ్చి పుస్తకం తెరిస్తే ఏమైంది? 'థ' ఏదో, 'ధ' ఏదో తెలియక పక్కామె వైపు చూశారు కదా! పిల్లలకైనా పెద్దలకైనా అక్షరం ఒకటే. వాడకపోతే తుప్పు పడుతుంది.

ఇంట్లోనే చదువు చెప్పే తల్లులు

అమెరికా దేశంలో కొన్ని కుటుంబాలు పిల్లల్ని అసలు బడికి పంపవు. ఇంట్లోనే చదువు చెబుతాయి. దీన్ని హోమ్ స్కూలింగ్ అంటారు. ఆ దేశంలోని 50 రాష్ట్రాల్లోనూ చట్టం దీనికి ఒప్పుకుంటుంది. చాలా ఇళ్లలో తల్లే టీచరు. వంటింటి బల్లే బడి.

బడి గంట లేదు, తాళం లేదు. మరి వాళ్లకు చదువు ఏడాది ఎలా ముగుస్తుంది?

పెన్సిల్వేనియా అని అక్కడ ఒక రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రంలో ఇంటి చదువు ఏడాదికి 180 రోజులు సాగాలి. లేదా చిన్న తరగతులకు 900 గంటలు జరగాలి. పిల్లలు చదివిన పుస్తకాల పేర్లు రాసిపెట్టాలి. వాళ్లు చేసిన లెక్కలు, రాసిన కాగితాలు, గీసిన బొమ్మలు కొన్ని దాచాలి. ఏడాది చివర అర్హత ఉన్న టీచరు ఒకరు ఆ కట్ట విప్పి చూస్తారు. పిల్లలతో మాట్లాడతారు. చదువు సరిగా సాగిందని కాగితం రాసిస్తారు. ఆ కాగితం జూన్ 30 లోపల అధికారులకు చేరాలి.

అందుకని వేసవి వచ్చే ముందు అక్కడ తల్లీ పిల్లలూ కూర్చుని ఏడాది కాగితాలన్నీ ముందేసుకుంటారు. ఏవి కట్టలో పెట్టాలో ఏరుకుంటారు. తర్వాత ఆటలు, ఈతలు, తోటపని. కొన్ని ఇళ్లలో చదువు పూర్తిగా ఆపరు. పొద్దున కాసేపు పుస్తకం, మిగతా రోజంతా ఆట.

ఆ తల్లుల సంగతి వేరు, మన సంగతి వేరు అంటారేమో. నిజమే. మన పిల్లలకు బడే కావాలి. మన దేశంలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలని 2009లో చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ హక్కును ఎవరూ వదులుకోకూడదు. కానీ ఆ కాగితాల కట్ట ఉంది చూశారూ, అది కట్టడానికి మనకూ చేతులున్నాయి.

పాత పుస్తకాలు కొంటాం!

ఏప్రిల్ చివర ఊళ్లో ఒక కేక వినిపిస్తుంది. "పాత పేపర్లు, పాత పుస్తకాలు కొంటాం!" సైకిలు మీద తక్కెడ పెట్టుకుని ఒకతను వస్తాడు. తూకం వేసి నాలుగు డబ్బులు చేతిలో పెడతాడు. పిల్లల ఏడాది చదువు మూట కట్టుకుని పోతాడు. కొన్నాళ్లకు అవే కాగితాలు బఠాణీల పొట్లాలై మళ్లీ మన ఇంటికే వస్తాయి.

ఇద్దరు తోడికోడళ్ల మాటలు చదవండి.

"అక్కా, సైకిలతను వచ్చాడు. మీ చిన్నోడి పుస్తకాలు కూడా వేస్తావా?"

"ఇప్పుడే వద్దు చెల్లీ. ముందు నేను చూడాలి."

"చూసేదేముంది? వాడు పాసయ్యాడుగా!"

"అయ్యాడు. కానీ ఏం రాశాడో నేనెప్పుడూ చూడలేదు. నిరుటి దాకా నాకు చదవను రాదాయె. ఇప్పుడు వచ్చు కదా."

పెద్దామె గడప దగ్గర కూర్చుంది. లెక్కల పుస్తకం తెరిచింది. జూలైలో రాసిన పేజీ చూసింది. అంకెలు గీత దాటి పోయాయి. మార్చిలో రాసిన పేజీ చూసింది. అంకెలు కుదురుగా ఉన్నాయి. కూడికలన్నీ ఒప్పు. తీసివేతల దగ్గర మాత్రం ఎర్ర సిరా గుర్తులు ఎక్కువ.

"పక్క అంకె దగ్గర అప్పు తెచ్చే లెక్క వీడికి రాలేదు చెల్లీ."

"అయ్యో అక్కా! మనింట్లో అందరికీ బాగా వచ్చిన లెక్క అదే కదా!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. సైకిలతను బెల్లు కొట్టి ముందుకు పోయాడు.

ఆ ఎర్ర గుర్తులే ఈ వేసవికి పాఠం. పిల్లవాడికి ఏది రాలేదో అవి చెబుతాయి. ఇక వేరే పుస్తకం కొనక్కరలేదు.

పుస్తకాలు మొత్తం దాచనవసరం లేదు. ఏడాది మొదట్లో రాసిన పేజీలు రెండు, చివర్లో రాసినవి రెండు, తప్పులున్న పేజీలు తీసిపెట్టండి. పాత చీర అంచుతో కట్టండి. ప్రతి పుస్తకం చివరా ఖాళీ పేజీలు మిగులుతాయి. అవి చింపి, సూదీ దారంతో కుట్టండి. వేసవికి కొత్త పుస్తకం తయారైంది. మిగిలినవి సైకిలతనికి వేసుకోవచ్చు.

రోజుకు ఒక గంట

పనికి పోయే తల్లికి తీరిక ఎక్కడిది? పొద్దున కుదరదు. పొయ్యి, నీళ్లు, పని. మధ్యాహ్నం మాత్రం ఎండకు ఎవరూ కదలలేరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ వేళ వేపచెట్టు కిందో, వసారాలోనో కూర్చోవాలి. పిల్లలు ఎండలో తిరగకుండా, బావుల వైపు పోకుండా కళ్ల ముందు ఉంటారు. ఈత నేర్చే పిల్లల పక్కన పెద్దవాళ్లు లేనిదే బావిలో దిగనివ్వకూడదు. ఏటా ఎన్ని ఇళ్లలో ఏడుపులు వింటున్నాం!

ఆ గంటలో ఏం చదవాలి? వేసవిలో ఇంట్లో ఉన్నవే చాలు.

ఆవకాయ పెట్టే రోజు. అమ్మ చెబుతుంది, పిల్ల రాస్తుంది. "మామిడి ముక్కలు 4 గిన్నెలు. ఆవపిండి 1 గిన్నె. కారం 1 గిన్నె. ఉప్పు గిన్నెకు కాస్త వెలితి. తగినంత నువ్వుల నూనె." ఇంటింటికీ కొలత కొంచెం మారుతుంది. అమ్మ చేతి కొలత ఇంతవరకు ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు పిల్ల పుస్తకంలోకి ఎక్కింది. తర్వాత లెక్క అడగాలి. ముక్కలు 12 గిన్నెలు అయితే ఆవపిండి ఎన్ని గిన్నెలు?

తాటి ముంజలు కొట్టే రోజు. కాయకు సాధారణంగా మూడు ముంజలు. 8 కాయలు కొడితే ఎన్ని? ఇంట్లో ఆరుగురు ఉంటే మనిషికి ఎన్ని? ఈ లెక్క తప్పు చేసే పిల్లలుండరు. తన వాటా తగ్గుతుంది మరి!

వామనగుంటల పీటకు 14 గుంటలు. గుంటకు నాలుగేసి చింతగింజలు వేస్తే ఎన్ని గింజలు కావాలి? ఆట ఆడుతుంటే ఎక్కం దానంతటదే నోటికొస్తుంది.

పిల్లలు అమ్మమ్మ ఊరు పోతారు. పోయిన చోటి నుంచి కార్డు ముక్క రాయమనండి. నాలుగు మాటలు చాలు. ఆ కార్డు మీరే చదవాలి. ఇంకొకరి చేత చదివించుకోవద్దు. బదులు కూడా మీరే రాయాలి. గీత వంకర పోయినా ఫరవాలేదు.

వారంలో ఒక రోజు పిల్లలే టీచరు కావాలి. అమ్మ పలక పట్టుకుని కూర్చోవాలి. అమ్మ తప్పు రాస్తే పిల్ల దిద్దుతుంది. అమ్మకు చెప్పాలంటే తనకు బాగా రావాలి. అందుకని పిల్ల ముందే చదువుకుని వస్తుంది. ఈ పద్ధతి చిన్న పిల్లలకు ఎంతో ఇష్టం. కొందరు బెత్తం కూడా వెతుక్కుంటారు. అది మాత్రం ఇవ్వకండి.

ఇంకొక సంగతి. సెలవుల్లో బడి అన్నం ఉండదు, గుడ్డు ఉండదు. ఆ ముద్ద కూడా ఇంట్లోనే వండాలి. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ మండలాన్ని కరువు మండలంగా ప్రకటిస్తే, పదిమంది తల్లులు కలిసి ఆ ఏడు బడికి పోయి అడగవచ్చు.

పెద్దమ్మాయి

అయిదో తరగతి అయిపోయిన ఆడపిల్ల ఇంట్లో ఉందనుకోండి. ఊళ్లో బడి అంతవరకే ఉంది. ఆరో తరగతికి పక్క ఊరు పోవాలి. ఏప్రిల్‌లో కొన్ని చోట్ల మిరప కోతలు ఇంకా ఉంటాయి. అడవి దగ్గరి ఊళ్లలో తునికాకు పని వస్తుంది. "సెలవులే కదా, రెండు వారాలు కూలికి రానీ" అంటారు ఇంట్లో వాళ్లు. పిల్ల చేతికి కూలి డబ్బులు వస్తాయి. జూన్ వస్తుంది. "చిన్నోణ్ణి ఎవరు చూస్తారు? నువ్వుండవే ఇంట్లో" అంటారు. పిల్ల ఏమీ అనదు. ఇంతే, చదువు ఆగిపోయింది. బడి మాన్పిస్తున్నామని ఎవరూ అనలేదు. ఏడు వారాల్లో దానంతటదే జరిగిపోయింది.

ఎనిమిదో తరగతి, పదో తరగతి అయిన పిల్లల ఇళ్లలో ఇంకో మాట వినిపిస్తుంది. వేసవి పెళ్లిళ్ల కాలం. "మంచి సంబంధం, మళ్లీ దొరకదు" అంటారు. 18 ఏళ్లు నిండని పిల్లకు పెళ్లి చేయడం నేరం. ఎక్కడైనా అలా జరుగుతుంటే 1098కి ఫోను చేయవచ్చు. డబ్బులు పడవు.

కూలి సంగతి కూడా చట్టంలో ఉంది. 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. బడి అయ్యాక గానీ, సెలవుల్లో గానీ సొంత ఇంటి పనిలో అపాయం లేని సాయం చేయవచ్చు. 2016లో చట్టాన్ని మార్చినప్పుడు ఇలా రాశారు. అంటే అమ్మతో ఆవకాయ పెట్టవచ్చు, పేడ తీయవచ్చు. మేస్త్రీ వెంట కూలికి పంపకూడదు.

కాబట్టి పెద్దమ్మాయి పని ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి. బడి మూయక ముందే హెడ్ మాస్టరు దగ్గరికి పోవాలి. టి.సి. అడగాలి. వెంటనే ఇవ్వాలని 2009 చట్టం చెబుతుంది. టి.సి. రావడం ఆలస్యమైందని కొత్త బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. ఆ కాగితం చేతికి రాగానే చదవండి. పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయా? ఒక అక్షరం తప్పు పడితే పదో తరగతి దాకా వెంటాడుతుంది. ఆఫీసుల చుట్టూ తిరగాలి. అక్కడే చూసి, అక్కడే దిద్దించుకోవాలి. వేలిముద్ర వేసిన రోజుల్లో ఈ పని మన వల్ల అయ్యేది కాదు.

పక్క ఊరికి రోజూ నడవడం కష్టమైతే కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. 2004లో ఈ పథకం మొదలైంది. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకోవచ్చు. బస, భోజనం, పుస్తకాలు ఉచితం. మధ్యలో బడి మానేసిన పిల్లలను కూడా తీసుకుంటారు. చేరే వివరాలు మండల విద్యాధికారి ఆఫీసులో చెబుతారు.

జూన్ మొదటి వారం దాటాక మృగశిర కార్తె వస్తుంది. గాలి చల్లబడుతుంది. చేపల కూర వండుతారు. 2025లో లాగా సెలవులు జూన్ 11తో అయిపోతే, బడికి ఇంక మూడు నాలుగు రోజులే ఉన్నట్టు. అప్పుడు ఏప్రిల్‌లో కట్టిన కట్ట విప్పండి. ఎర్ర గుర్తులున్న లెక్కలు పిల్లల చేత మళ్లీ చేయించండి. కొత్త బడిలో చేరాల్సిన పిల్లతో మీరూ బయలుదేరండి. టి.సి. సంచిలో పెట్టుకోండి.

రాయండి – లెక్క చేయండి

1. రోజుకు ఒక గంట చొప్పున 7 వారాలు చదివితే మొత్తం ఎన్ని గంటలు?

2. ఈ మాటలు చూసి రాయండి: ఒంటిపూట, ఉచితం, తీసివేత, మృగశిర, విద్యాధికారి.

3. మీ ఇంటి ఆవకాయ కొలత రాయండి. పక్కింటి వాళ్ల కొలతకు, దీనికి తేడా ఏమిటి?

4. మీ వీధిలో ఈ ఏడు అయిదో తరగతి అయిపోయిన ఆడపిల్లలు ఎవరెవరు? వాళ్ల పేర్లు రాయండి. ఒక్కొక్క పేరు పక్కన ఏ బడిలో చేరుతుందో, టి.సి. వచ్చిందో లేదో కనుక్కుని రాయండి.