బావి సిమెంటింగ్: ఒక ద్రవాన్ని మరో ద్రవం తోసే తీరు

చమురు, సహజవాయు బావిలోకి ఉక్కు కేసింగ్ గొట్టం దించాక, దానికీ రాతి గోడకూ మధ్య మిగిలే సందును సిమెంటుతో నింపుతారు. దీన్నే ప్రైమరీ సిమెంటింగ్ అంటారు. ఒక పొరలోని వాయువు, నీరు మరో పొరలోకి పాకకుండా ఆపడం దీని ప్రధాన ప్రయోజనం. చిక్కల్లా ఆ సందు ఖాళీగా ఉండకపోవడమే. అందులో డ్రిల్లింగ్ మడ్, అంటే బావి తవ్వేటప్పుడు వాడిన ద్రవం, నిండి ఉంటుంది. గొట్టం లోపలి నుంచి పంపిన సిమెంటు అడుగున మలుపు తిరిగి, మడ్‌ను తోసుకుంటూ పైకి రావాలి. రెండూ కలిస్తే చిక్కబడి పంపింగ్ కష్టమవుతుంది. అందుకే వాటి మధ్య స్పేసర్ ద్రవం పంపుతారు. సాధారణంగా దాని సాంద్రత మడ్ కంటే ఎక్కువ, సిమెంటు కంటే తక్కువ.

ఈ తోపుడుపై పరిశోధనలో కీలకాంశం గొట్టం ఒక పక్కకు ఒరగడం. వాలు బావుల్లో ఇది మామూలే. అప్పుడు సందు ఒక వైపు వెడల్పుగా, మరో వైపు ఇరుకుగా అవుతుంది. తోసే ద్రవం వెడల్పు వైపు నుంచి జారుకుంటుంది. ఇరుకు వైపు మడ్ కదలకుండా ఉండిపోవచ్చు. మడ్ నీటిలాంటి న్యూటోనియన్ ద్రవం కాదు, తనపై పడే ప్రతిబలం ఈల్డ్ స్ట్రెస్ అనే హద్దు దాటితేగాని పారదు. ఈ ప్రవర్తనను హెర్షెల్-బల్క్‌లీ సమీకరణంతో వర్ణిస్తారు. సందును విప్పి పరచిన పలుచని పొరగా భావించే హీలీ-షా నమూనాతో ప్రవాహాన్ని గణిస్తారు. గొట్టాన్ని నడిమధ్య నిలిపేవి సెంట్రలైజర్లు.

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలోని మకాండో బావి పేలుడులో 11 మంది మరణించారు. ఆ బావిలో సిమెంటింగ్ సంస్థ 21 సెంట్రలైజర్లు సూచించగా 6 మాత్రమే వాడారు. అయితే అదొక్కటే కారణమనలేం. నైట్రోజన్ నురుగు సిమెంటు అస్థిరతనూ విచారణ కమిషన్ ఎత్తిచూపింది.