వేసవి కచేరి – విన్నవారి మాటలు

గత వేసవిలో, శ్రీరామనవమి పందిళ్ల దినములలో, వత్సవాయి గ్రామమున నొక రాత్రి సన్నాయిమేళపు కచేరి జరిగెను. రెండు నాదస్వరములు, రెండు డోళ్లు, శ్రుతిపెట్టె, తాళములు – ఇంతియే మేళము. పగలెల్ల నిప్పులు చెరిగిన యెండ తగ్గి, గాలి చల్లబడిన పిమ్మట, రాత్రి తొమ్మిది గంటలకు మొదలైన వాద్యము అర్ధరాత్రము దాటువరకు సాగెను. మిరపకాయ కోతల కూలివారు, ప్రత్తి రైతులు, జగ్గయ్యపేట సిమెంటు కర్మాగారములలో పనిచేయువారు, మా విద్యార్థులు, వారి తలిదండ్రులు, వారితోపాటు మేమును వింటిమి.

అవి ఒంటిపూట బడి దినములు. మరునాటి యుదయమున తొమ్మిదవ తరగతి వారిని, రాత్రి విన్న కచేరినిగూర్చి యొక పుట వ్రాయుడని అడిగితిమి. కాగితములు చదివి చూడగా అన్నియు నొక్క కాగితమువలె నుండెను. “వీనులకు విందుగా నుండెను”, “అమృతము కురిసినట్లుండెను”, “శ్రోతలు మంత్రముగ్ధులైరి” – ఈ మాటలే అటు నిటు మారి వచ్చెను. ఇట్టి మాటలు ఏ కచేరినిగూర్చియైనను వ్రాయవచ్చును; కచేరికి పోకుండనే వ్రాయవచ్చును. ఒక బాలుడు మాత్రము తెల్లకాగితమిచ్చెను. ఏల వ్రాయలేదని యడుగగా, “మాది డప్పు ఇల్లండి. సంగీతం గురించి నాకేం తెలుసండి” అని తల వంచుకొనెను.

ఆ తెల్లకాగితమే మాచేత ఈ వ్యాసము వ్రాయించినది.

ముందుగా నున్నది, అప్పటికప్పుడు పుట్టునది

కచేరినిగూర్చి వ్రాయుట కథనుగూర్చి వ్రాయుటవంటిది కాదు. కథ పుస్తకములో నుండును. మరల తెరచి చూచుకొనవచ్చును. మన సంగీతములో సగము ఏ పుస్తకములోను లేదు. కీర్తన పూర్వులు కట్టినది. దాని పల్లవి, అనుపల్లవి, చరణము, తాళము ముందే యేర్పడి యుండును. కాని దానికి ముందు వచ్చు ఆలాపన, నడుమ వచ్చు నెరవు, స్వరకల్పన, డోలువారు తమంత తాము వాయించు తని ఆవర్తనము – ఇవి వాయించువారి మనస్సులో ఆ క్షణమందు పుట్టునవి. దీనినే మనోధర్మమందురు.

మోహన రాగమును తీసికొందము. దానిలో స, రి, గ, ప, ధ అను నైదు స్వరములే గలవు. మధ్యమము లేదు, నిషాదము లేదు. ఆ రాత్రి మేళమువారు ఈ యైదింటితోనే దాదాపు ముప్పావుగంట వాయించిరి. ఆరవ స్వరము తగిలిన రాగము చెడును. అయిదింటిలోనే యుండియు, అన్నమాటనే మరల అనకుండ నడచుటయే విద్య. తాళమునకును ఇట్టి కట్టుబాటే కలదు. ఆదితాళమునకు అక్షరములు ఎనిమిది: ఒక దెబ్బ, మూడు వ్రేళ్ల లెక్క, ఆ పిమ్మట దెబ్బ, విసురు, మరల దెబ్బ, విసురు. వాద్యము ఎంత దూరము పోయినను, ఎత్తుకొన్న చోటికి తప్పక వచ్చి చేరవలెను. స్వేచ్ఛయు నియమమును ఒక్క చోట నుండునని మేము తరగతిలో పలుమారులు చెప్పితిమి. ఆ రాత్రి సన్నాయి దానిని చెవులకు చూపెను.

ఇట్టి సంగీతము మరునాడు మిగులదు. అదే రాగము, అదే కీర్తన, అదే మేళమువారు మరల వాయించినను, నిన్నటిది రాదు. కావున విన్నవాని జ్ఞాపకమే దానికి నిలువనీడ.

ఇతర దేశములలో

ఇది మనకు మాత్రమే చెందిన సంగతి కాదు. అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో 1965లో గ్రేట్‌ఫుల్ డెడ్ అను వాద్యబృందము ఏర్పడెను. వారు ఒక పాటను ఎత్తుకొని, దాని నడుమ ఆగక, తోచిన త్రోవను చాలసేపు వాయించుచు పోయెడివారు. ఇట్లు వాయించువారిని ఆ దేశమున జామ్ బ్యాండులందురు. ఏ రెండు రాత్రులును ఒక్కటిగా నుండకపోవుటచే, వారి శ్రోతలు ఏ యూర ఏ దినమున ఏ పాటలు ఏ వరుసను వచ్చినవో వ్రాసి దాచుకొనెడివారు. కచేరులను టేపులపై పట్టి, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనెడివారు. 1984లో ఆ బృందమువారు టేపులు పట్టువారికొరకు కచేరి స్థలములో ప్రత్యేకముగా చోటు కేటాయించిరి. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయములో వారు చేసిన కచేరి యొక్క ధ్వనిముద్రణమును, అమెరికా వారి జాతీయ గ్రంథాలయము భద్రపరుపదగిన ధ్వనిముద్రణములలో 2011 సంవత్సరపు పట్టికలో చేర్చెను. శ్రోతలు శ్రద్ధ వహించుటచేతనే ఒక సాయంకాలము నిలిచినది.

మన కృష్ణా జిల్లాలోని గుడివాడలో 1978లో త్యాగరాజ ఆరాధనోత్సవమున ఒక తొమ్మిదేండ్ల బాలుడు మాండొలిన్‌పై తన తొలి కచేరి చేసెను. ఆయనయే పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు పాడి చెప్పగా, శిష్యుడు విన్నదానిని తంత్రులపై పలికించి నేర్చుకొనెను. అనగా ఆయన విద్యకు వినుటయే మూలము. 1983లో పదునాలుగేండ్ల ప్రాయమున బెర్లిన్ నగరపు జాజ్ ఉత్సవమున వాయించి, రాగము పేరైన ఎరుగనివారి మెప్పు పొందెను. తరువాతి కాలమున ఆంగ్లేయ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌లతో కూడి, రిమెంబర్ శక్తి అను బృందమున వాయించెను. 2014లో ఆయన నలుబదియైదేండ్లకే మృతినొందుట మనకు తీరని లోటు. పేరు తెలియని రాగమునుగూడ మనుష్యుడు వినగలడనుటకు ఆ బెర్లిన్ శ్రోతలే సాక్షులు.

రెండవసారి వ్రాసినవి

ఈ సంగతులు చెప్పి, తరగతివారికి కాగితములు తిరిగి యిచ్చితిమి. ఈసారి మూడు ప్రశ్నలు మాత్రమే అడిగితిమి. ఏ క్షణమున మీ చెవి మేల్కొనెను? ఏ క్షణమున మీ మనస్సు వేరొక చోటికి పోయెను? వాయించువారిలోను మీ ప్రక్కవారిలోను మీరేమి చూచితిరి? మెచ్చుకోలు మాటలు వ్రాయవద్దంటిమి.

వచ్చిన కాగితములు వేరు. ఒక బాలిక యిట్లు వ్రాసెను: ఆమె తల్లి పగలెల్ల మిరపకాయలు కోసి వచ్చి, చాపపై కూర్చున్నచోటనే నిద్రించెను, సన్నాయి పై షడ్జమమున నిలిచి చాలసేపు కదలకుండగా, తటాలున లేచి, “ఎవరే నన్ను పిలిచింది?” అని యడిగెను. మరియొకడు, ఆలాపన సాగుచుండగా తనకు విసుగు పుట్టి పందిరి దీపములు లెక్కపెట్టితినని దాచక ఒప్పుకొనెను. అతనికి మంచి గుణములు వేసితిమి. వేరొకడు, నడుమ విద్యుత్తు పోయి మైకు ఆగినప్పుడు సన్నాయి సన్నగిల్లునని తలచెననియు, దానికి మారుగా అసలు నాదము అప్పుడే వినవచ్చెననియు, అంతవరకు తాము విన్నది మైకునేయనియు వ్రాసెను. ఇంటిలో పెద్దలను అడిగి వ్రాసినవారును గలరు. ఒక రైతు తన కుమారునితో, “అయిపోయాక ఇంటికి నడిచేదాకా అందరం గొంతు తగ్గించే మాట్లాడుకున్నాంరా” అనెనట. కచేరినిగూర్చి ఇంతకంటె మంచి మాట పత్రికలలోనైన మేము చదివి యెరుగము.

ఒక తండ్రి మాత్రము తన బిడ్డ కాగితము క్రింద ఇట్లు వ్రాసి పంపెను: “మాష్టారూ, మన పిల్లలు ఆ పందిట్లో కూర్చుని వినవచ్చునా?” ఆ సందేహమును మేము తేలికగా త్రోసివేయము, ఎవరి విశ్వాసము వారికి ప్రియము. పూజలో పాలుగొనుట వేరు. విద్యను వినుట వేరు. ఆ తండ్రి ఆదివారమున చేతబట్టు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి చూచిన, అనేక కీర్తనల పైభాగమున రాగము పేరు, తాళము పేరు కనబడును. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగు మన కీర్తనకర్తలు, మన భక్తికి ఈ నేలపై పుట్టిన రాగములే తగునని ఎంచిరి. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో జన్మించిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానాగారు మహమ్మదీయులు. శ్రీరంగమున స్థిరపడి, దేవాలయములలో వాయించి, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు పొందిరి. నాదమునకు గోడలు లేవు, కట్టినవారము మనము.

తెల్లకాగితము

ఇక ఆ బాలుని సంగతి. రెండవసారి అతడు ఏడు పంక్తులు వ్రాసెను. దాని సారాంశమిది. తని ఆవర్తనమున పెద్ద డోలువాడును చిన్న డోలువాడును ఒకరి పిమ్మట నొకరు వాయించుచుండిరి. ఒకమారు చిన్నవాడు తన వంతును ఒక అక్షరము ఆలస్యముగా ఎత్తుకొనెను. అది తప్పు. పెద్దవాడు అతనివంక చూడలేదు, నవ్వలేదు. తన వంతు రాగా, తానును సరిగా అంతే ఆలస్యముగా ఎత్తుకొని వాయించెను. అప్పుడది తప్పుగాక క్రొత్త ఎత్తుగడగా తోచెను. అందరును చప్పట్లు కొట్టిరి.

మేము ఆ రాత్రి తాళము వేసికొనుచునే వింటిమి. ఇది మాకు తెలియలేదు. వేరొక విద్యార్థి చేతిఫోనులో కచేరిని పట్టియుండెను. దానిని తరగతిలో పెట్టి, అందరమును వ్రేళ్లపై లెక్కించుచు వింటిమి. బాలుడు చెప్పినచోట, చెప్పినట్లే యుండెను. ఫోను ఆ శబ్దమును పట్టెను గాని, ఆ బాలుడు చెప్పకున్న అందులో నేమున్నదో మాలో నెవరికిని తెలియకపోవును.

నీకెట్లు తెలిసెనని యడిగితిమి. “మా నాయన కూడా అట్లాగే చేస్తాడండి. మేళంలో తప్పినవాణ్ణి నలుగురిలో తప్పినట్టు కానివ్వడు” అనెను. సంగీతమునుగూర్చి తనకేమియు తెలియదనిన బాలుడు ఇతడే.

ఆ మాటతో మా బాల్యము మాకు జ్ఞప్తికి వచ్చెను. అప్పుడు మేము పందిరి వెలుపల, త్రాటికి అవతల, చీకటిలో నిలుచుండి సన్నాయి విన్నవారము. లోపలికి రమ్మని పిలిచినవారు లేరు. ఊరేగింపునకు డప్పు కావలెను గాని, డప్పువాడు కూర్చుండి వినుటకు చాప లేదు. మేము విన్నదేమని మమ్ము అడిగినవారును లేరు. అడుగనందున, మేము విన్నది వినుట కాదనియే చాలకాలము అనుకొంటిమి. ఇప్పుడు వత్సవాయిలో అందరమును ఒక్క పందిరిలో కూర్చుంటిమి. కాని త్రాడు తీసినంతమాత్రమున లోపలి బెదురు పోదు. ఆ తెల్లకాగితమున మిగిలియున్నది ఆ త్రాడే.

విద్యార్థులకు

బాలబాలికలారా, కచేరినిగాని, ప్రసంగమునుగాని, ఆటనుగాని చూచి వచ్చి వ్రాయునప్పుడు ఈ మాటలు మరువకుడు. ఎరువు తెచ్చిన పొగడ్త వ్రాయకుడు. ఏ క్షణమున నేమి జరిగెనో అది వ్రాయుడు. విసుగు పుట్టిన, పుట్టెనని వ్రాయుడు. రాగము పేరు తెలియకున్న సిగ్గుపడకుడు. పేరు రేపు నేర్చుకొనవచ్చును, నిన్న విన్నదానిని రేపు వినలేము. మీ ఇంటి పని మీకిచ్చిన చెవి యేదో, ఆ చెవితోనే వినుడు. తలిదండ్రులారా, పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు “బాగుందా?” అని యడుగక, “ఏం విన్నావు?” అని యడుగుడు.

దావీదు సౌలు రాజు నెదుట సితారా వాయించిన వృత్తాంతమును మీరెల్లరును పరిశుద్ధ గ్రంథమున చదివినవారే. ఆయన ఏమి వాయించెనో, ఎంతసేపు వాయించెనో అందు లేదు; ఆ స్వరములు ఆనాడే గాలిలో కలిసిపోయినవి. విన్నవాని కేమి కలిగెనో మాత్రము వ్రాయబడి యున్నది: సౌలు సేదదీరి బాగుపడెను. ఎవరో గమనించి వ్రాసినందుననే ఆ వాద్యమునుగూర్చి నేడు మనకు తెలియుచున్నది.

ఆ ఏడు పంక్తుల కాగితమును మా తరగతి గోడపై అంటించితిమి. దానికి గుణములు వేయలేదు. తెలుసుకొన్నవారము మేము గనుక, గుణములు వేయుట మాకు తగదని తోచెను.