పాట ఒక దారి, లైట్లు ఒక దారి: పిక్సెల్ లైట్ షోలో టైమింగ్ ప్రాబ్లమ్‌ని ఇలా పట్టుకోండి

కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో పండగంటే నాలుగు సీరియల్ సెట్లు వేలాడదీసి ఊరుకునే రోజులు పోయాయి. దీపావళి అయినా, క్రిస్మస్ అయినా, న్యూ ఇయర్ అయినా క్లబ్‌హౌస్ గోడ మీద డబ్ల్యూఎస్2812బీ పిక్సెల్ స్ట్రిప్పులు, వెనకాల ఈఎస్‌పీ32 బోర్డులు, పాటకు తగ్గట్టు ఆడే లైట్లు ఉండాల్సిందే. డప్పు దెబ్బ పడిన పావు సెకనుకి లైట్ వెలిగితే మాత్రం అంత కష్టమూ వేస్ట్.

అప్పుడు గ్రూపులో ఎవరో ఒకరు "కంట్రోలర్ మార్చేద్దాం" అంటారు. అది అసోసియేషన్ వాళ్లు వసూలు చేసిన చందా డబ్బు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్త బోర్డులు తెచ్చే ముందు ఒక్క పని చేయండి: లైట్లు ఎంత లేటవుతున్నాయో, ఏ పద్ధతిలో లేటవుతున్నాయో కొలవండి. దానికి కావాల్సిన గ్యాడ్జెట్ మీ జేబులోనే ఉంది.

ముందు ఫోన్‌తో కొలవండి

5 నిమిషాల టెస్ట్ సీక్వెన్స్ తయారు చేయండి. ప్రతి 10 సెకన్లకి ఒక "టిక్" సౌండ్, అదే క్షణంలో అన్ని లైట్లూ ఎర్రగా ఒక్కసారి వెలగాలి. టిక్ ఆడియోని ఆడాసిటీలో, లైట్ల భాగాన్ని ఎక్స్‌లైట్స్‌లో చేసుకోవచ్చు. దీన్ని షో రోజు వాడబోయే స్పీకర్, రౌటర్, బోర్డులతోనే ప్లే చేయాలి.

ఒక లైట్‌కీ ఇంకో లైట్‌కీ తేడా చూడాలంటే స్లో మోషన్‌లో 240 ఎఫ్‌పీఎస్ పెట్టండి. ఒక్కో ఫ్రేమ్ సుమారు 4.2 మిల్లీసెకన్లు. ఎడమ గోడ వెలిగిన 10 ఫ్రేములకి కుడి గోడ వెలిగితే తేడా 42 మిల్లీసెకన్లు.

లైట్‌కీ సౌండ్‌కీ తేడా చూడాలంటే మామూలు 60 ఎఫ్‌పీఎస్ వీడియో చాలు. ఫోన్‌ని స్పీకర్‌కి మీటర్ దూరంలో పెట్టండి. వీడియో ఎడిటర్‌లో ఆడియో వేవ్‌ఫామ్ ఎక్కడ లేచింది, లైట్ ఏ ఫ్రేమ్‌లో వచ్చింది చూసి మధ్యలో ఫ్రేములు లెక్కపెట్టండి. ఇక్కడ ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. రికార్డింగ్ మొదట్లో కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టండి. చేతులు కలిసిన ఫ్రేమ్‌కీ సౌండ్‌కీ తేడా ఉంటే అది ఫోన్‌దే, దాన్ని తీసేయండి.

మొదట్లో, మధ్యలో, చివర్లో వచ్చిన తేడాలు రాసుకోండి. మూడుచోట్లా ఒకటే ఉందా, పెరుగుతూ పోతోందా, ఒక్కోసారి ఒక్కోలా ఉందా? సగం జవాబు అక్కడే దొరికిపోతుంది.

తేడా ఎప్పుడూ ఒకటే ఉంటే

ఇది అన్నిటికంటే ఈజీ కేసు. సౌండే లేటుగా వస్తుంటే మొదటి అనుమానం బ్లూటూత్ స్పీకర్ మీదే. మామూలు ఎస్‌బీసీ కోడెక్‌లో 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం సాధారణం. ఆక్స్ కేబుల్ పెట్టి మళ్లీ కొలవండి. తేడా పోతే కేసు క్లోజ్, కొత్త బోర్డులు అక్కర్లేదు.

రెండో అనుమానం పాట ఫైల్. సీక్వెన్స్ ఒక ఫైల్‌తో చేసి, షోలో అదే పాటని వేరేచోట డౌన్‌లోడ్ చేసిన కాపీతో ప్లే చేస్తే మొదట్లోని నిశ్శబ్దం అంత తేడా అలాగే ఉండిపోతుంది. ఎంపీ3 ఎన్‌కోడర్ కూడా మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల సైలెన్స్ కలుపుతుంది. ఎడిట్ చేసిన ఫైల్‌నే షోలోనూ వాడండి.

అప్పటికీ మిగిలిన తేడాని ప్లేయర్ ఆఫ్‌సెట్‌తో సర్దేయొచ్చు. రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే ఎఫ్‌పీపీలో దీనికి సెట్టింగ్ ఉంది.

తేడా పెరుగుతూ పోతుంటే

ఇలాంటప్పుడు చాలామంది క్రిస్టల్‌ని తిడతారు. లెక్క చూద్దాం. రెండు పరికరాల క్లాకుల మధ్య 40 పీపీఎం తేడా ఉందనుకుంటే సెకనుకి 40 మైక్రోసెకన్లు. 4 నిమిషాల పాటకి మొత్తం 9.6 మిల్లీసెకన్లే, ఎవరి కంటికీ ఆనదు. ఆపకుండా 3 గంటలు నడిపితేనే 432 మిల్లీసెకన్లు అవుతుంది. పాటపాటకీ కొత్తగా స్టార్ట్ సిగ్నల్ ఇస్తే ఆ గొడవ ఉండదు.

ఒకే పాటలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే తప్పు సాధారణంగా కోడ్‌లో ఉంటుంది. డబ్ల్యూఎస్2812బీకి ఒక బిట్ పంపడానికి 1.25 మైక్రోసెకన్లు, ఒక పిక్సెల్‌కి 24 బిట్లు, అంటే 30 మైక్రోసెకన్లు. 300 పిక్సెల్స్‌కి 9 మిల్లీసెకన్లు. లూప్‌లో డేటా పంపి, ఆ తర్వాత 25 మిల్లీసెకన్ల డిలే పెడితే ఒక ఫ్రేమ్‌కి పట్టేది 25 కాదు, 34. 4 నిమిషాల పాటలో 9,600 ఫ్రేములుంటాయి. ఫ్రేమ్‌కి 9 చొప్పున చివరికి 86 సెకన్లు లేటు! పాట అయిపోయి జనం చప్పట్లు కొడుతుంటే లైట్లు ఇంకా చరణంలోనే ఉంటాయి.

పరిష్కారం ఏంటంటే డిలే తీసేయండి. పాట మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో చూసి, 25తో భాగించి, ఇప్పుడు ఏ ఫ్రేమ్ చూపించాలో లెక్కేయండి. ఒక ఫ్రేమ్ పోయినా తర్వాతది టైమ్‌కే వస్తుంది. ఆర్డుయినో ఊనో వాడేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. నియోపిక్సెల్ లైబ్రరీ డేటా పంపేటప్పుడు ఇంటరప్ట్‌లు ఆపేస్తుంది కాబట్టి మిల్లీస్ లెక్క కూడా వెనకబడుతుంది. ఈ పనికి ఈఎస్‌పీ32 మేలు.

ఒకే పిన్‌కి 1,000 పిక్సెల్స్ తగిలిస్తే డేటా పంపడానికే 30 మిల్లీసెకన్లు. 40 ఎఫ్‌పీఎస్ షోలో ఫ్రేమ్‌కి ఉన్నది 25 మాత్రమే. రెండు పిన్‌లకి 500 చొప్పున పంచి, రెండింటికీ ఒకేసారి డేటా పంపితే 15 మిల్లీసెకన్లలో పని అయిపోతుంది.

ఒక్కోసారి ఒక్కోలా ఉంటే

ఇది ఎక్కువగా వైఫై పని. డబ్ల్యూఎల్‌ఈడీ షోల్లో ఎక్కువమంది వాడే ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ32 బోర్డులకి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండే దిక్కు. వంద ఫ్లాట్లకి వంద రౌటర్లున్న టవర్‌లో ఆ బ్యాండ్ సాయంత్రం ఏడింటికి సైబర్ టవర్స్ జంక్షన్‌లాగే ఉంటుంది. మధ్యాహ్నం చేసిన టెస్ట్ బాగానే వచ్చి, షో టైమ్‌కి తడబడటం అందుకే.

- లైట్లకి విడిగా ఒక రౌటర్ పెట్టి, 1, 6, 11 చానెళ్లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి.
- డబ్ల్యూఎల్‌ఈడీలో వైఫై స్లీప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే రౌటర్ బీకన్ కోసం సుమారు 100 మిల్లీసెకన్ల వరకు ప్యాకెట్ ఆగిపోవచ్చు.
- ఈ1.31లో మల్టీకాస్ట్ బదులు ఒక్కో బోర్డు ఐపీకి యూనికాస్ట్ పంపండి.
- వీలైతే ఈథర్నెట్ ఉన్న బోర్డు వాడండి. 1,000 పిక్సెల్స్ అంటే ఒక యూనివర్స్‌కి 170 చొప్పున 6 యూనివర్స్‌లు, 40 ఎఫ్‌పీఎస్‌లో సెకనుకి 240 ప్యాకెట్లు. కేబుల్‌కి అదొక లెక్కే కాదు.

కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని సెకన్లలో బోర్డులన్నీ రీబూట్ అయి, ఒక్కోటీ ఒక్కో టైమ్‌కి లేస్తాయి. రౌటర్‌కీ, బోర్డులకీ చిన్న యూపీఎస్ పెడితే ఈ తలనొప్పి ఉండదు.

ఏ కంట్రోలరూ సరిచేయలేని లేటు

2020 సెప్టెంబర్‌లో మొదలైన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మెయిన్ స్పాన్ 233.85 మీటర్లు. ఒక చివర స్పీకర్ పెట్టి పాట వేస్తే, రెండో చివరకి సౌండ్ చేరడానికి సుమారు 0.68 సెకను పడుతుంది. లైట్ మాత్రం వెంటనే కనిపిస్తుంది. లైట్లు ఎంత కరెక్ట్‌గా ఉన్నా అక్కడ నిలబడ్డవాళ్లకి పాట లేటే.

మీ క్లబ్‌హౌస్ దగ్గరా ఇదే రూల్. 30 మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకి సౌండ్ 87 మిల్లీసెకన్లు లేటు. మన చెవి, కన్ను సౌండ్ ముందొస్తే త్వరగా పట్టేస్తాయి, వెనకొస్తే కొంత సర్దుకుంటాయి. టీవీ ప్రసారాలకి ఐటీయూ గుర్తించిన పరిమితి కూడా ముందైతే 45, వెనకైతే 125 మిల్లీసెకన్లు. కాబట్టి స్పీకర్ పక్కన నిలబడి ఆఫ్‌సెట్ సెట్ చేయకండి. జనం కూర్చునే స్థలం మధ్యలోకి వెళ్లి, అక్కడ కొలిచి సెట్ చేయండి.

చివరిగా, టెస్ట్‌లన్నీ పండగకి రెండు రోజుల ముందే, ఏడు గంటల టైమ్‌లోనే పూర్తి చేయండి. 230 వోల్ట్‌ల వైపు ఏదైనా మార్చాలంటే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. తడి లాన్ మీద, పిల్లలు తిరిగేచోట ఆర్‌సీసీబీ లేకుండా షో పెట్టొద్దు. షో రోజు సాయంత్రం ఎవరెంత ఊరించినా ఫర్మ్‌వేర్ అప్‌డేట్ జోలికి మాత్రం వెళ్లకండి.