మీసాల చేప పిల్లలు

కోడలు పొదుపు డబ్బుతో గాజు తొట్టి కొన్నది. అందులో 6 చిన్న చేపలు వేసింది. వాటి పేరు కోరిడోరస్. మన వాలుగకు, జెల్లకు ఉన్నట్టే వీటికీ మీసాలుంటాయి. కానీ వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికా. రెండున్నర అంగుళాలు పెరుగుతాయి. అడుగున మెత్తని ఇసుక పోయాలి. గరుకు రాళ్ళుంటే మీసాలు అరిగిపోతాయి.

ఒక చేప రివ్వున పైకి వచ్చి, కిందికి పోయింది.

"అమ్మాయీ! చేప చచ్చిపోతోందే!" అంది అత్త.

"లేదత్తయ్యా. గాలి మింగి పోయింది. దానికది అలవాటే. అన్నీ మాటిమాటికీ వస్తుంటేనే నీళ్ళు చెడినట్టు."

పొట్ట లావుగా ఉన్నది ఆడది. సన్నగా ఉన్నది మగది.

వానలు పడి ఏట్లోకి చల్లని కొత్తనీరు వస్తే ఈ చేపలు గుడ్లు పెడతాయి. అందుకని కోడలు తొట్టిలో సగం నీళ్ళు తీసేసింది. ముందురోజు పట్టి ఉంచిన చల్లని నీళ్ళు మెల్లగా పోసింది. కుళాయి నీళ్ళు పట్టినవి పట్టినట్టే పోయకూడదు. వాటిలో క్లోరిను ఉంటుంది.

తెల్లవారేసరికి గాజుకు ఆవగింజలంత గుడ్లు అంటుకుని ఉన్నాయి. కోడలు సంబరపడుతూ పనికి పోయింది. సాయంత్రం చూస్తే ఒక్క గుడ్డూ లేదు.

"ఎవరు తిన్నారే?"

"ఇంకెవరు? కన్నవాళ్ళే."

ఆ రాత్రి కోడలు సరిగా అన్నం తినలేదు.

పది రోజులకు మళ్ళీ గుడ్లు పెట్టాయి. ఈసారి వెంటనే వేలితో మెల్లగా దొర్లించి తీసింది. తొట్టి నీళ్ళే పోసిన డబ్బాలో వేసి, గాలి గొట్టం పెట్టింది. చెడిన గుడ్డు తెల్లబడి బూజు పడుతుంది. పక్క గుడ్లకూ అంటుతుంది. వాటిని ఏరే పని అత్త తీసుకుంది. బియ్యంలో రాళ్ళు ఏరిన చేతులు గదా! క్యాలెండరులో తేదీ కింద 'గుడ్లు' అని రాసింది కూడా అత్తే. లవత్తు మరిచి, మళ్ళీ దిద్దింది.

నాలుగో రోజు పిల్లలు బయటికొచ్చాయి. రెండు రోజులు పొట్టలోని సొనతోనే బతుకుతాయి. అప్పుడు మేత వేయకూడదు. తర్వాత ఆర్టీమియా వేయాలి. రొయ్యల హేచరీల్లో వాడేది అదే. దాని గుడ్లను ఉప్పునీళ్ళలో వేసి గాలి పెడితే ఒక రోజుకు పొదుగుతాయి. వడగట్టి, మంచినీళ్ళతో కడిగి, కొంచెమే వేయాలి.

అత్త జాలిపడి ఒకపూట ఎక్కువ వేసింది. నీళ్ళు కుళ్ళి, మర్నాటికి 15 పిల్లలు పోయాయి.

"పోనీలే అత్తయ్యా" అంటూ కోడలు నీళ్ళు మార్చింది.

ఇప్పుడు 31 పిల్లలున్నాయి. అంగుళం పెరిగితేనే కొట్టువాడు కొంటాడు. కొనకపోయినా చెరువులో వదలకూడదు. ఇవి మన నీటి చేపలు కావు.

"ఇంకెన్నాళ్ళే?"

"రెండు నెలల పైనే పడుతుంది."

అత్త క్యాలెండరులో రెండు కాగితాలు ఎత్తి చూసింది.