ఉపాధ్యాయిని నుండి న్యాయమూర్తి వరకు: ఆనీ జియాగ్గే

న్యాయదేవతను మనము స్త్రీరూపముననే చిత్రింతుము. కాని ఆ దేవత పీఠముపై స్త్రీని కూర్చుండనిచ్చుటకు లోకము చాలకాలము వెనుకాడినది. ఆ సంకోచమును తమ కృషిచే తొలగించిన వారిలో ఘనా దేశపు ఆనీ జియాగ్గే ఒకరు.

1918లో లోమే నగరమున, ఒక క్రైస్తవ బోధకుని ఇంట ఆమె జన్మించిరి. కేటా అను తీరపట్టణములో బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా పనిచేసిరి. సముద్రపు కోతకు పాఠశాల దెబ్బతినగా, సంగీతనాటకము ఆడించి, వచ్చిన ధనముతో కొత్త భవనము కట్టించిరి.

1946లో ఆమె న్యాయశాస్త్ర పఠనమునకై లండను చేరిరి. ఆ చదువు స్త్రీలకు కష్టమనియు, దుస్తుల రూపకల్పన నేర్చుకొనుట మేలనియు స్వదేశీయులైన తోటి విద్యార్థులు హితవు చెప్పిరి. మొదటి పరీక్షలో తప్పినచో మానుకొందునని ఆమె బదులు పలికిరి. మానుకొనవలసిన అవసరము రాలేదు. 1950లో బారిస్టరై స్వదేశమునకు మరలిరి. మేజిస్ట్రేటు పదవి తరువాత 1961లో హైకోర్టు న్యాయమూర్తియై, ఘనాలో ఆ స్థానము పొందిన తొలి మహిళగా నిలిచిరి. 1969లో అప్పీలు కోర్టుకు, 1980లో దాని అధ్యక్షస్థానమునకు ఎదిగిరి.

అయితే ఆమె కీర్తి పదవులకే పరిమితము కాదు. ఐక్యరాజ్యసమితి మహిళా ప్రతిపత్తి సంఘములో ఘనా ప్రతినిధిగా, స్త్రీలయెడ వివక్షను తొలగించు ప్రకటనకు మూలప్రతిని రచించిరి. సర్వప్రతినిధి సభ దానిని 1967 నవంబరు 7న ఆమోదించినది. ఇచట ఒక భేదమును మనము గుర్తింపవలెను. ప్రకటన ఆశయమును చాటును. ఒడంబడిక దానిపై సంతకము చేసి ధ్రువీకరించిన దేశమును బద్ధము చేయును. ఆ ప్రకటన పునాదిపైననే 1979లో 30 అధికరణముల ఒడంబడిక వెలసినది. భారతదేశము దానిని 1993లో ధ్రువీకరించినది.

కాగితముపై హక్కున్నను చేతిలో పైకము లేనిచో స్త్రీకి ఆ హక్కు అక్కరకు రాదని ఆమె ఎరుగుదురు. 1975 మెక్సికో మహాసభకు హాజరైన ఆమె, మన అహ్మదాబాదుకు చెందిన ఇలా భట్ మొదలగువారితో కలిసి, పేద స్త్రీలకు రుణసౌకర్యము కల్పించు అంతర్జాతీయ మహిళా బ్యాంకింగు సంస్థకు అంకురార్పణ చేసిరి.

1996లో ఆమె కీర్తిశేషులైరి. కూలిన బడిని నిలబెట్టిన చేతులే చట్టమునకు మూలప్రతిని వ్రాసినవి. హక్కు దానముగా లభించునది కాదు. చదివి, వ్రాసి, సాధించుకొనవలసినది. మన విద్యార్థినీ విద్యార్థులు ఆమె జీవితము నుండి గ్రహింపదగిన పాఠమిదియే.