కంపెనీ ఖర్చుతో హెవీ డ్రైవింగ్: బాండు ఉండగా వేరే చోట చేరాలంటే

రవాణా కంపెనీ తన ఖర్చుతో హెవీ డ్రైవింగ్ నేర్పించి, లైసెన్సు ఇప్పించి, అందుకు బదులుగా ఏడాదో రెండేళ్లో తన దగ్గరే పనిచేయాలని రాయించుకోవడాన్ని స్పాన్సర్డ్ శిక్షణ అంటారు. అమెరికాలో పెద్ద ట్రక్కింగ్ కంపెనీలు చాలాకాలంగా డ్రైవర్లను ఇలాగే తయారుచేసుకుంటున్నాయి. గోదావరి జిల్లాల్లో మాత్రం ఈ చదువుకు బడి లారీయే. క్లీనరుగా ఎక్కిన కుర్రాడు టైరు విప్పడం, తాళ్లు బిగించడం, టార్పాలిన్ కప్పడం నేర్చుకున్నాక, రోడ్డు ఖాళీగా ఉన్న వేళ సీనియర్ డ్రైవరు పక్కన ఉండగా స్టీరింగ్ పట్టేవాడు. ఒప్పందమంతా నోటిమాట. ఓనరు దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా బండి మారకపోవడమే అందులో షరతు. స్పాన్సర్డ్ శిక్షణలో ఆ నోటిమాట స్థానంలో బాండు పేపరు ఉంటుంది. మధ్యలో మానేసి వేరే కంపెనీలో చేరాలనుకునేవారికి ఆ కాగితం దేనికి కట్టిపడేస్తుందో, దేనికి కట్టిపడేయలేదో తెలిసి ఉండాలి.

బాండు ఎందుకు రాయిస్తారు

గోదావరి డెల్టా సరుకులో ఎక్కువ భాగం త్వరగా పాడైపోయేదే. భీమవరం చుట్టుపక్కల ప్లాంట్ల నుంచి రొయ్యలు, రావులపాలెం మార్కెట్ నుంచి అరటి, కడియం నర్సరీల నుంచి మొక్కలు రోజూ లోడవుతాయి. ఫ్రోజెన్ రొయ్యల కంటైనర్ సంగతే చూస్తే, సరుకు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. బయల్దేరే ముందు డ్రైవరు సీలు నంబరును కాగితంలోని నంబరుతో సరిచూసుకోవాలి. కూలింగ్ యూనిట్‌కు సరిపడా డీజిలుందో లేదో చూడాలి. భోజనానికి దాబా దగ్గర ఆగినా డిస్‌ప్లే మీద అంకె చూడకుండా ప్లేటు ముందు కూర్చోకూడదు. కూలింగ్ ఆగిన సంగతి గమనించకపోతే లోడంతా పోతుంది. ఇంత జాగ్రత్త నేర్పిన మనిషిని, పైసా ఖర్చు పెట్టని మరో కంపెనీ కాస్త ఎక్కువ బత్తా ఇచ్చి తీసుకుపోతుందన్న భయమే బాండుకు మూలం.

లైసెన్సు డ్రైవరుదే

ఫీజు ఎవరు కట్టినా లైసెన్సు దాని మీద పేరున్న వ్యక్తిదే. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. హెవీ ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకోవాలంటే అంతకుముందే కనీసం ఏడాదిపాటు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు ఉండాలి. రవాణా లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది. పెట్రోలు, గ్యాస్, రసాయనాల వంటి ప్రమాదకర సరుకు తోలేవారు మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, ఒకరోజు రిఫ్రెషర్ శిక్షణ కూడా పొందాలి. కంపెనీ మారినంత మాత్రాన ఇందులో ఏదీ రద్దు కాదు.

డ్రైవరు పారిపోకుండా ఒరిజినల్ లైసెన్సును ఆఫీసు బీరువాలో పెట్టుకునే యాజమాన్యాలు కొన్ని ఉంటాయి. పోలీసులు అడిగినప్పుడు లైసెన్సు చూపించాల్సిన బాధ్యత చట్టప్రకారం డ్రైవరుది కాబట్టి, దాన్ని తాకట్టు వస్తువుగా ఇవ్వకూడదు. డిజిలాకర్, ఎం-పరివాహన్‌లోని లైసెన్సు కూడా చెల్లుతుంది. శిక్షణలో చేరిన రోజే ఫోన్లో దాన్ని తెరిచి ఉంచుకోవడం మంచిది.

కోర్సు మధ్యలో మానేసేవారి సంగతి వేరు. శిక్షణ పూర్తయితేనే డ్రైవింగ్ స్కూలు ఫారం 5 సర్టిఫికెట్ ఇస్తుంది. అది లేకుండా మానేస్తే మరో స్కూల్లో మళ్లీ చేరాల్సిందే. ఎల్ఎల్ఆర్ గడువు కూడా ఆరు నెలలే. అలాంటివారికి ఈలోగా ఒక దారి ఉంది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాలను ఎల్ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివి నడుపుకుంటూ హెవీ కోర్సు పూర్తి చేసుకోవచ్చు.

చట్టం ఏమంటుంది

బాండు రాసినా డ్రైవరు చేత బలవంతంగా బండి నడిపించమని కోర్టు ఆదేశించదు. వ్యక్తిగత సేవకు సంబంధించిన ఒప్పందాలను అలా అమలు చేయించే వీలు నిర్దిష్ట ఉపశమన చట్టం 1963లో లేదు. కంపెనీ అడగగలిగేది నష్టపరిహారమే. దానికీ హద్దుంది. భారత ఒప్పందాల చట్టం 1872, సెక్షన్ 74 ప్రకారం బాండులో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే చెల్లుతుంది. రెండు లక్షలని రాసి ఉన్నంత మాత్రాన రెండు లక్షలూ దానంతటదే బాకీ అయిపోదు.

అలాగని బాండును చిత్తుకాగితంగా చూడటమూ పొరపాటే. విజయా బ్యాంకు అధికారి ఒకరు మూడేళ్ల గడువుకు ముందే రాజీనామా చేసి మరో బ్యాంకులో చేరిన కేసులో, రూ.2 లక్షలు చెల్లించాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మే 14న తీర్పు ఇచ్చింది. ఉద్యోగంలో ఉన్న కాలానికి పరిమితమైన ఇలాంటి షరతు, ఒప్పందాల చట్టం సెక్షన్ 27 నిషేధించే వృత్తి నిరోధం కిందికి రాదని చెప్పింది. బ్యాంకు నియామకాల ఖర్చు, అధికారి హోదా, జీతం చూసి ఆ మొత్తం సమంజసమేనంది. డ్రైవరు కేసులో కంపెనీ నిజంగా పెట్టిన ఖర్చెంత, అతని జీతమెంత అన్న ప్రశ్నలే వస్తాయి. ఉద్యోగం వదిలిన తర్వాత కూడా ఫలానా జిల్లాలో, ఫలానా పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు మాత్రం సెక్షన్ 27 ముందు నిలవదు.

కాగితంలో చూడాల్సినవి

సంతకానికి ముందు బాండును తెలుగులో చదివించుకుని అర్థం చేసుకోవాలి. శిక్షణ ఖర్చు ఎంతో అంకెల్లో ఉండాలి. గడువు ఏ తేదీ నుంచి లెక్కో తెలియాలి. శిక్షణ మొదలైన రోజు నుంచా, లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచా అన్నదాని మీద నెలల తేడా వస్తుంది. పనిచేసిన కాలానికి తగ్గట్టు బాకీ తగ్గుతుందా, చివరిరోజు దాకా మొత్తం అలాగే ఉంటుందా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. కంపెనీయే తీసేస్తే, బండి లేదని ఇంట్లో కూర్చోబెడితే ఎవరు ఎవరికి కట్టాలో కూడా రాసి ఉండాలి.

చాలామంది చిక్కుకునేది బాండులో కాదు, దానితోపాటు ఇచ్చే వాటిలో. ఖాళీ ప్రామిసరీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకూడదు. తండ్రి గానీ బావ గానీ జామీను ఉంటే బాకీ వారి మీదికీ వస్తుందని ముందే తెలుసుకోవాలి. చెక్కు చెల్లక నోటీసు వస్తే 15 రోజుల్లోగా డబ్బు కట్టకపోతే క్రిమినల్ కేసుకు దారితీస్తుంది. అలాంటి నోటీసును పక్కన పడేయకూడదు.

లెక్క చూసుకునే తీరు

ఉదాహరణకు శిక్షణ ఖర్చు రూ.48,000, బాండు 24 నెలలు అనుకుంటే నెలకు రూ.2,000 చొప్పున తీరుతున్నట్టు. 15 నెలలు పనిచేసి మానేస్తే మిగిలేది 9 నెలలు, అంటే రూ.18,000. కొత్త కంపెనీలో నెలకు రూ.3,000 ఎక్కువ వస్తే ఆ బాకీ ఆరు నెలల్లో పూడుతుంది. బాండులో దామాషా తగ్గింపు లేకపోతే ముందు ఈ లెక్కనే రాతపూర్వకంగా కంపెనీ ముందు పెట్టి బేరమాడవచ్చు. గడువుకు రెండు మూడు నెలలే మిగిలి ఉంటే మాత్రం ఆగి పూర్తి చేసుకోవడమే లాభం. కొన్నిసార్లు కొత్త కంపెనీయే బాకీ కట్టడానికి ముందుకొస్తుంది. అప్పుడు పాత బాండు స్థానంలో కొత్త బాండు వస్తోందేమో చూసుకోవాలి.

జీతంతోపాటు మిగతావీ తూచాలి. బత్తా రోజుకా, కిలోమీటరుకా? టోలు, హమాలీ ఖర్చులు, చలానాలు ఎవరివి? నెలలో ఇంటి దగ్గర ఉండేది ఎన్ని రోజులు? పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? కాకినాడ రేవుకు బియ్యం తోలే లోకల్ ట్రిప్పుకూ, ఉత్తరాదికి వెళ్లే లైనుకూ నెలాఖరున చేతికొచ్చే డబ్బులోనూ ఒంటి అలసటలోనూ తేడా చాలా ఉంటుంది.

బయటికి వచ్చే వరస

మొదట కొత్త కంపెనీ నుంచి నియామక పత్రం తీసుకోవాలి. తర్వాత పాత కంపెనీకి తేదీ వేసి రాజీనామా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపాలి. నోటీసు కాలం పూర్తిచేయాలి. లోడుతో ఉన్న బండిని దారిలో వదిలేసి రావడం ఎంత మాత్రం పనికిరాదు. అప్పటిదాకా బాండు వివాదంగా ఉన్నది సరుకు నష్టం, నమ్మకద్రోహం ఆరోపణలుగా మారుతుంది.

బండి అప్పగించేటప్పుడు కిలోమీటర్ల రీడింగ్, డీజిలు, స్టెప్నీ, జాకీ, టార్పాలిన్, ఆర్సీ, ఫాస్టాగ్, ట్రిప్పు ఖర్చుల లెక్క కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. నాలుగు వైపులా ఫోటోలు తీసుకుంటే తర్వాత గీతలు, డెంట్ల పేరుతో కోతలుండవు. బాకీ డబ్బు నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా కట్టాలి. వాయిదాల్లో కడితే నోటు వెనక ఎప్పటికప్పుడు చెల్లు వేయించుకోవాలి. పూర్తయ్యాక నోటు, చెక్కు, బాండు వెనక్కి తీసుకుని, బాకీ లేదన్న పత్రం, అనుభవ పత్రం అడగాలి. పీఎఫ్‌కు కొత్త యూఏఎన్ (సార్వత్రిక ఖాతా నంబరు) అక్కర్లేదు, పాతదే కొత్త కంపెనీకి ఇవ్వాలి.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారి వేతన బాకీని రెండు పనిదినాల్లో చెల్లించాలి. జీతంలో మొత్తం కోతలు సగానికి మించకూడదు. అలా జరగకపోతే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. బాండు మీద లాయరు నోటీసు వస్తే జవాబివ్వడానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ సాయం తీసుకోవచ్చు. ఆ సంస్థల హెల్ప్‌లైన్ నంబరు 15100.

మొత్తం మీద స్పాన్సర్డ్ శిక్షణ చెడ్డ బేరం కాదు. చేతిలో డబ్బు లేని యువకుడికి హెవీ లైసెన్సుతోపాటు రోడ్డు అనుభవమూ దక్కుతుంది. బాండును అప్పుగా చూసి, గడువు నిండేదాకా పనిచేసి గానీ, మిగిలినది కట్టి గానీ తీర్చుకుని, కాగితాలు చేతికి తీసుకున్నాకే కొత్త బండి తాళం అందుకోవాలి.